ఇరవై రెండు అంగుళాలు

మొన్న కంకిపాడు దాటాక రోడ్డు మీద ఒక గుంట వచ్చింది. నేను బ్రేకు మీద కాలు వేసేలోపే నా ఎడమ చెయ్యి దానంతట అది లేచి పక్క సీటుకు అడ్డంగా చాచుకుంది. పక్క సీట్లో మా ఆవిడ ఉంది. ఆ చేతిని చూసింది, నన్ను చూసింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేని ఈ ప్రేమ ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగింది. అలాంటి ప్రశ్నకి జవాబుగా ఓ అబద్ధం అల్లడం నాకు మంచినీళ్ళు తాగినంత పని. కానీ ఆ పూట అల్లబుద్ధి కాలేదు. ఆ చెయ్యి నాది కాదు, ఆయనది. ఆయన పోయారని ఆ ఉదయమే చల్లపల్లి వైపు నుంచి ఫోనొచ్చింది.

నాకు విజయవాడ ఆటోనగర్‌లో టైర్లూ రిమ్ములూ అమ్మే కొట్టుంది. రిమ్ము అంటే టైరు మధ్యలో మెరుస్తూ ఉండే లోహపు చట్రం; కారుకి అది నగ. టైర్లకి గ్యారంటీ ఇస్తాను, నా మాటలకి ఇవ్వను. ఆ సంగతి కొనేవాళ్ళకి తెలుసు, తెలిసే వస్తారు. టీ తాగుతూ ఒక కథ విని, నవ్వుకుని, చక్రాలు బిగించుకుని పోతారు. నా కథల్ని నిజమని నమ్మిన మనిషి ఆయనొక్కరే. నమ్మారనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

పేరు రాయను. ఆయన ఉండగా కూడా పేరు పెట్టి పిలిచింది లేదు. ‘వందనాలండీ’ అంటూ గుమ్మంలోకి వచ్చేవారు. మా ఇంట్లో దేవుళ్ళు వేరైనా నేనూ వందనాలే అనేవాణ్ణి. ఆ మాట ఆయన నోట అంత నిదానంగా వచ్చేది, తిరిగి నమస్కారం అంటే దురుసుగా ఉంటుందేమో అనిపించేది.

మొదటిసారి వచ్చింది మిట్టమధ్యాహ్నం. ముందు హారన్లు వినిపించాయి. పెళ్ళి ఊరేగింపేమో అనుకుని బయటికి చూస్తే వీధి చివర్నుంచి ఒక కొత్త కారు, ఖరీదు చెబితే మా వీధిలో ఇళ్ళు సిగ్గుపడేంత కారు, నాలుగు చక్రాలకీ ఇంజను బలం పారే పెద్ద బండి, నిండు గర్భిణిలా నడిచి వస్తోంది. దాని వెనక ఆటోలూ లారీలూ గోల పెడుతున్నాయి. ఆయన మాత్రం చెరువు గట్టు మీద ఒక్కరే పోతున్నట్టు స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు. దిగాక చూస్తే సన్నగా పొడుగ్గా ఉన్నారు. ప్యాంటు పిక్కల దాకా మడిచి ఉంది. కాలిగోళ్ళలో రొయ్యల చెరువు తెల్లమట్టి. భుజం మీద తువ్వాలు. కొబ్బరికాయ ముదిరిందో లేదో చూసినట్టు టైరుని వేలి కణుపుతో కొట్టి, వంగి చెవి పెట్టారు.

“కొడతందండీ” అన్నారు.

“ఎవర్నండీ?”

“లోపల కూర్చున్నోళ్ళని.”

కారు అమ్మినవాళ్ళు రెండుసార్లు అంతా విప్పి చూసి, ఏ లోపమూ లేదన్నారట. అంత డబ్బు పోసిన బండి ఎడ్లబండిలా కుదపడమేమిటి, ఏదో దాస్తున్నారని ఆయన అనుమానం. నేను చక్రం వంక చూశాను. ఇరవై రెండు అంగుళాల రిమ్ము. ఆ బండికి పంతొమ్మిదివి కూడా వస్తాయి. విషయం అక్కడే తెలిసిపోయింది గానీ, తెలిసింది తెలిసినట్టు చెప్పేస్తే నేను నేను కాను.

పెద్ద రిమ్ములు అడిగినవాళ్ళకి నేను చెప్పే కథ ఒకటుంది, అదే ఆయనకీ చెప్పాను. ఒక కాంట్రాక్టరు గారు ఇలాంటి చక్రాలే వేయించుకుని, అత్తగారిచ్చిన పెరుగు గిన్నె వెనక సీట్లో పెట్టుకుని బందరు బయలుదేరారు. ఉయ్యూరు చేరేసరికి పెరుగు మజ్జిగైంది. పామర్రులో వెన్న తేలింది. బందరులో తలుపు తీస్తే నెయ్యి వాసన వచ్చింది. అందరూ నవ్వే చోట ఆయన నవ్వలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని అడిగారు:

“మధ్యలో ఒక్కసారి కూడా ఆపి వెనక్కి చూడలేదా ఆయన?”

నా కాంట్రాక్టరు గురించి అంతకుముందు ఎవరూ అలా అడగలేదు.

బండి ఎక్కి చూస్తేగానీ చెప్పలేనన్నాను. ముందు తలుపు తీయబోతే ఆయన చెయ్యి అడ్డుపెట్టారు. “వెనక కూర్చోండి. వెనక ఎట్టా ఉందో చెప్పాలి.” సరేనని వెనక కూర్చున్నాను. అప్పుడు చూశాను, ముందు ఎడమవైపు సీటు ఖాళీగా ఉంది, కానీ బెల్టు పెట్టి ఉంది. మనిషి కూర్చుంటే ఎలా ఉంటుందో అలా, భుజం నుంచి నడుము దాకా బిగుతుగా.

ఆటోనగర్ నుంచి యనమలకుదురు మీదుగా కరకట్ట ఎక్కాం. కృష్ణ మీద ఎండ పరుచుకుని ఉంది. ఆయనకి గుంటలన్నిటికీ పేర్లున్నాయని ఆ రోజే తెలిసింది. ఊరి నుంచి విజయవాడ దాకా ప్రతిదానికీ పేరు పెట్టుకున్నారు. మలుపు చాటున నక్కి ఉండేది ఇన్‌స్పెక్టరు. పిలవకుండా వచ్చేది మేనత్త. ఎంతకీ అయిపోనిది పాస్టరు గారు. కరకట్ట గుంటలు ఆయనకి కొత్త, వాటికి నడుపుతూనే పేర్లు పెడుతున్నారు. గుంట దగ్గరికి రాగానే బండిని దాదాపు ఆపేసి, ఎడమ చెయ్యి ఖాళీ సీటుకి అడ్డంగా చాచి, “వస్తంది, పట్టుకో” అనేవారు.

నాతోనే అనుకుని నేను పైనున్న పిడి పట్టుకున్నాను. కాసేపటికి అద్దంలో ఆయన కళ్ళు చూశాను. అవి నా వైపు లేవు.

కట్ట మీద ఒక తుమ్మచెట్టు కింద బండి ఆపించి, దిగి చూపించాను. కారు చక్రానికి బయటి కొలత మారదు, చక్రాల గూడు ఎంత ఉందో అంతే. లోపల రిమ్ము పెరిగితే దాని చుట్టూ ఉండే రబ్బరు తరుగుతుంది. ఈ టైరు పక్క చూడండి, మూడు వేళ్ళ మందం లేదు. చిన్న రిమ్ము వేస్తే అరచెయ్యంత రబ్బరు వస్తుంది. గుంట దెబ్బని ముందు మింగాల్సింది ఆ రబ్బరూ, అందులో గాలీ. అవి మింగగా మిగిలిందే పైకి రావాలి. ఈ బండి అడుగున గాలి తిత్తులున్నాయి, ఒప్పుకుంటాను, అవి పెద్ద ఊపుల్ని ఆపుతాయి. గతుకుల్ని ఆపలేవు. లోపం ఏమీ లేదండీ, చక్రం పెద్దది, అంతే.

ఆయన టైరు పక్కనే గొంతుక్కూర్చున్నారు. వాళ్ళ నాన్న ఎడ్లబండి చక్రం తన ఛాతీ ఎత్తు ఉండేదని చెప్పారు. చిన్న చక్రాల బళ్ళు దిగబడిన చోట వాళ్ళ బండి దాటిపోయేదట. చక్రం పెద్దదైతే గుంట చిన్నదవుతుందని వాళ్ళ నాన్న అనేవాడట. అది నిజమే, ఎడ్లబండి చక్రం బయటికి పెరుగుతుంది, ఇది లోపలికి పెరుగుతుంది అన్నాను.

“అయితే చిన్నవి చెప్పాల్సింది” అన్నారు.

“ఎవరండీ?”

“నేను.”

తిరిగి వస్తున్నప్పుడు, అడగకుండానే, ఆ బండి తమ్ముడు బుక్ చేసుకున్నదని చెప్పారు. బండి చేతికి రాకముందే, చెరువులో ఏరేటరు బాగుచేస్తుంటే కరెంటు కొట్టి అతను పోయాడు. ఏరేటరంటే నీళ్ళు చిలికి రొయ్యలకి గాలి అందించే యంత్రం. అన్నగారికి ఈ వయసులో కారు నడపడం నేర్పింది ఆ తమ్ముడే, పాత జీపులో, చెరువు గట్ల మీద. “నేర్పేటప్పుడు అక్కడే కూర్చునేవోడు” అని ఖాళీ సీటు వైపు గడ్డంతో చూపించారు.

చక్రాలు మార్చకుండానే వెళ్ళిపోయారు.

అసలు అవసరం ఏమిటో ఆ తర్వాత తెలిసింది. తమ్ముడి భార్య కడుపుతో ఉంది. బిడ్డకి పోషణ అందించే మాయ కిందికి దిగి ఉందని, కుదుపులు తగలకూడదని డాక్టరమ్మ చెప్పింది. పరీక్షల కోసం తరచూ విజయవాడ రావాలి. ఊరి నుంచి చల్లపల్లి, అక్కణ్ణుంచి పామర్రు దాకా రొయ్యల లారీలు తిరిగి తిరిగి రోడ్డు పొలం దున్నినట్టుంటుంది. పామర్రులో పెద్ద రోడ్డు ఎక్కేదాకా ఆ కడుపులో బిడ్డకి ప్రతి గుంటా ఒక గండమే. బెజవాడలో ఇల్లు తీసుకుంటానని ఆయన అన్నారట. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. మేడ మీద నిలబడితే సమాధుల తోట కనిపిస్తుంది, భర్త అక్కడున్నాడు, ఆ ఇల్లు వదలనంది. పోనీ ఇంకో మెత్తటి కారు మాట్లాడతానన్నారు. మా ఆయన కొన్న కారు ఇంట్లో ఉండగా నేను అద్దె కారెక్కనా అంది. ఇక మిగిలింది ఈ చక్రాలు తీయించడం. వాటిని ముట్టుకోనివ్వనంది. అవి భర్త ఏరికోరి పెట్టించుకున్నవి.

ఈ సంగతులన్నీ నాకు ఆ అమ్మాయే చెప్పింది. ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ వాళ్ళు గాలి చూపించుకోవడానికి నా కొట్టు దగ్గర ఆగేవారు. వెనక సీట్లో బూరుగుదూది పరుపు వేసి, దాని మీద ఆమెని పడుకోబెట్టి తెచ్చేవారు. అద్దం దించి ఆ పరుపు మీద నుంచే కబుర్లు చెప్పేది. పెద్ద మాటకారి. కారు వచ్చిన రోజు పాస్టరు గారు బానెట్టు మీద చెయ్యి వేసి, ‘ప్రభువా, ఈ నాలుగు చక్రాలనూ నీ చేతికి అప్పగిస్తున్నాం’ అని ప్రార్థన చేస్తుంటే, మా బావగారు కళ్ళు తెరిచి ఐదోది డిక్కీలో ఉందండీ అన్నారని చెప్పి, నవ్వకూడదని డాక్టరమ్మ చెప్పిన సంగతి గుర్తొచ్చి పొట్ట పట్టుకుంది.

“మా బావగారు నడుపుతుంటే సైకిళ్ళు దాటిపోతున్నాయండీ. మొన్న ఒక గేదె కూడా దాటింది. దాటి, వెనక్కి తిరిగి చూసింది.”

ఆయన విననట్టు టైరు మీద కణుపుతో కొడుతూ ఉండేవారు.

చక్రాలు మార్చడం తప్ప మిగిలినవన్నీ చేశారు. టైర్లలో గాలి సగానికి తగ్గించమన్నారు. అంత సన్నటి రబ్బరులో గాలి తగ్గిస్తే గుంట అంచుకి రిమ్ము తగిలి పళ్ళెంలా వంగుతుందని, అలా వంగిన పళ్ళాల్లో ఒక ఊరు ఊరంతా భోజనం చేసిందని చెప్పాను. నమ్మినట్టు తల ఊపి మానుకున్నారు. ఇంకోసారి ట్రాక్టరుతో చెరువు మట్టి తోలించి పాస్టరు గారినీ మేనత్తనీ పూడ్చేశానని చెప్పారు. వానొచ్చి మేనత్త మళ్ళీ లేచింది.

ఆ రోజుల్లోనే మా వీధిలో టీ కొట్టతను అడిగాడు, ఆ పెద్దకారులో ముందు కూర్చునే అబ్బాయి ఎవరు, ఎప్పుడొచ్చినా టీకి దిగడేమని. ఇది నేను కల్పించానని మీరంటారు. నేనూ అలాగే అనుకోవాలని చూస్తున్నాను.

తర్వాత ఒకనాటి పొద్దున కారు చాలా వేగంగా వచ్చింది. ఆయన నడుపుతుండగా అంత వేగం చూడటం అదే మొదలు, అదే ఆఖరు. కొట్టు ముందు ఆగకుండా ఆసుపత్రి వైపు పోయింది. మధ్యాహ్నం తిరిగి వచ్చింది. ఆయన దిగి నిలబడ్డారు. పామర్రు చేరేలోపే, పేరు పెట్టని ఒక కొత్త గుంటలో చక్రం పడిందట. ఆ అమ్మాయి మూలిగింది, ఆపి చూస్తే పరుపు మీద నెత్తురు. బిడ్డ గుండె కొట్టుకుంటోంది, నెత్తురు ఆగింది గానీ ఇంకోసారి ఇలా అయితే నా చేతుల్లో లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆసుపత్రిలో ఉండిపొమ్మంటే ఆ అమ్మాయి ఇంటికే పోతానంది.

“తీసేయండి” అన్నారు నాతో.

నేను జాకీ తీసుకున్నాను. వెనక అద్దం దిగింది.

“ఏం తీయిస్తున్నారు బావగారూ?”

“చక్రాలమ్మా.”

“అవి తీస్తే నేను దిగిపోతాను. నడిచి పోతాను ఇంటికి.”

తల ఎత్తడానికి ఓపిక లేని మనిషి అంది ఆ మాట. అన్నాక దిగడానికి తలుపు పిడి మీద చెయ్యి కూడా వేసింది. నేను జాకీ పట్టుకుని నిలబడిపోయాను. నా దగ్గర ఆ సమయానికి పనికొచ్చే కథ ఒక్కటి కూడా లేదు. ఆయన తువ్వాలు తీసి రెండు చేతులతో మెలిపెడుతూ, నేల చూస్తూ మాట్లాడారు.

“అవి వాడివి కావమ్మా. నావి. వాడు షోరూము నుంచి నాకు ఫోన్ చేశాడు. పెద్దవా, చిన్నవా అన్నయ్యా అనడిగాడు. మన రోడ్లు బాగోలేవు, చిన్నవి తీసుకుంటానన్నాడు. నేనే వద్దన్నాను. చక్రం పెద్దదైతే గుంట చిన్నదవుద్దిరా, పెద్దవి చెప్పు అన్నాను. నా మాట తీసెయ్యలేక పెద్దవి చెప్పాడు. వాడికి ఇష్టమైనవి చిన్నవే.”

అంతవరకూ ఆగి ఉన్నదేదో ఆ చివరి మాటతో తెగింది. ఆటోనగర్‌లో, ఎండలో, చుట్టూ సుత్తుల మోతలో, ఆ పొడుగాటి మనిషి నా కొట్టు ముందు టైరు మీద చెయ్యి ఆన్చి వెక్కి వెక్కి ఏడ్చారు. పక్క కొట్లో సుత్తి ఆగింది.

ఆ అమ్మాయి ఆయన్ని చూసింది. అద్దం పైకి ఎక్కించుకుంది. లోపల ఏం చేసిందో నల్లటి అద్దంలోంచి కనిపించలేదు. మళ్ళీ అద్దం దిగింది.

“తీయించండి బావగారూ” అంది.

పంతొమ్మిది అంగుళాలవి బిగించాను. అంతకన్నా చిన్నవి బ్రేకులకి అడ్డొస్తాయి, లేకపోతే ఆయన పదిహేనువి అడిగేవారు. బండి దించాక, పరుపు మీద ఆమె ఉండగానే, వీధి చివరిదాకా నడిపి తెచ్చారు. మా వీధి గతుకుల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. తిరిగొచ్చి అద్దం దించి, గొంతు తగ్గించి అన్నారు.

“నిద్రపోయింది.”

తీసిన చక్రాలు ఏం చేయమంటారని అడిగితే అమ్మొద్దు, ఇంటికి పంపొద్దు, మీ దగ్గర ఉంచండి అన్నారు. గోడకి తగిలించాను. కొన్ని మధ్యాహ్నాలు వాటిలో ఒకటి తనంతట తాను మెల్లగా తిరుగుతుంది. ఫ్యాను గాలి అంటుంది మా ఆవిడ. ఫ్యాను ఆపి చూశాను. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పను, నా మాటలకి గ్యారంటీ లేదు కదా.

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. అదే బండిలో, అవే మెత్తటి చక్రాల మీద ఇంటికి పోతూ నా కొట్టు దగ్గర ఆపి, గుడ్డల మూటలోంచి బిడ్డ మొహం చూపించారు ఆయన. తర్వాత కూడా ఎరువుల పనికో, రొయ్యల మేత పనికో బెజవాడ వచ్చినప్పుడల్లా వచ్చేవారు. గోడ మీది చక్రాల ఎదురుగా స్టూలు వేసుకుని టీ తాగేవారు. ఒకసారి గన్నవరం విమానాశ్రయం దాకా ఆయనతో కలిసి వెళ్ళాను. అద్దంలాంటి రోడ్డు. మెత్తటి చక్రాలు. ఒక్క గతుకు తెలియలేదు. ఎడమ చెయ్యి మాత్రం దారి పొడుగునా గాల్లోనే ఉంది. దేన్ని చూసి చాచారని అడిగాను.

“ఏమీ తెలవట్లేదండీ ఇప్పుడు” అన్నారు. “ఎప్పుడు వస్తందో తెలవనప్పుడు చెయ్యి దించడానికి భయం.”

గుండెపోటుతో పోయారు. పొద్దున్నే చెరువుకి మేత చల్లి వచ్చి, ఇంటి ముందు కారులో కూర్చున్నారట. ఎక్కడికో బయలుదేరుతున్నారనుకున్నారు ఇంట్లోవాళ్ళు. కుడివైపు సీట్లో కాదు, ఎడమవైపు సీట్లో ఉన్నారట. బెల్టు పెట్టుకుని.

పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకి వెళ్ళాను. షామియానా కింద ఊరంతా కూర్చుంది. పాటలయ్యాక, పాస్టరు గారు పోయినాయన గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పండి అన్నారు. అలాంటి పిలుపు వింటే కూర్చోలేని జబ్బు నాది. లేచి నిలబడ్డాను. ఆ రోజు మాత్రం కథ అల్లదలుచుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో నిలబడి నిజం చెప్పడం అదే మొదటిసారి. ఫోను సంగతి చెప్పాను. తమ్ముడు అడగడం, అన్న పెద్దవి చెప్పడం, ఆ ఒక్క మాట కోసం ఆయన ఎంత కుమిలిపోయిందీ, పుట్టబోయే బిడ్డ కోసం మరదలి ముందు ఆ మాట ఎలా ఒప్పుకున్నదీ, అన్నీ.

ముందు వరసలో ఒక ముసలాయన తల దించుకున్నాడు. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. పాస్టరు గారు గొంతు సవరించుకుని వెంటనే పాట ఎత్తుకున్నారు. నా మాటలు అంత లోతుగా తగిలాయని అనుకున్నాను.

భోజనాలయ్యాక ఆ అమ్మాయి నన్ను అరుగు చివరికి పిలిచింది. పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది. ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, మెల్లగా చెప్పింది.

“ఆ ఫోన్ రాలేదండీ.”

ఏ ఫోనని అడిగాను.

“షోరూములో మా ఆయన పక్కన నేనే ఉన్నాను. పెద్దవి బాగున్నాయన్నది నేనే. ఆయన ఎవరికీ ఫోన్ చేయలేదు. అప్పటికి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. అంత కారెందుకని బావగారు కోప్పడ్డారు, ఈయన ఎదురు తిరిగారు. ఒక ఇంట్లో ఉండి, ఒకే చెరువు మీద పని చేస్తూ, కూలీలతో కబుర్లు పంపించుకునేవాళ్ళు. అలా మాటల్లేకుండానే పోయారు మా ఆయన. ఊరందరికీ తెలుసండీ.”

షామియానా కింద ముసలాయన తల ఎందుకు దించుకున్నాడో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళ నా వ్యాపారంలో నన్ను నమ్మించిన మనిషి ఆయనొక్కరే. కరకట్ట మీద, చిన్నవి చెప్పాల్సింది అని టైరు పక్కన కూర్చుని అన్నప్పటికే ఆయన ఆ ఫోను మనసులో విని ఉన్నారు. మోగని ఫోను. తప్పుడు సలహాయే ఇచ్చారు అందులో, కానీ ఇచ్చారు. అవతల తమ్ముడు అన్నయ్యా అన్నాడు.

“మరి ఆ రోజు నా కొట్టు ముందు మీరెందుకు కాదనలేదమ్మా?” అని అడిగాను.

ఆమె పిల్లని భుజం మీదికి మార్చుకుంది.

“మా ఆయన్ని తీసుకొచ్చి వరండాలో పడుకోబెట్టినప్పుడు కూడా బావగారు ఏడవలేదండీ. సమాధి దగ్గర ఏడవలేదు. నెలలు గడిచినా ఏడవలేదు. మీ కొట్టు ముందు ఆ మాట చెబుతూ ఏడ్చారు. అబద్ధమని ఎట్టా అంటాను?”

పెద్ద చక్రాలు అడుగుతూ ఇప్పటికీ కుర్రాళ్ళు వస్తూనే ఉన్నారు. వాళ్ళకి రబ్బరు మందం చూపిస్తాను, గతుకుల లెక్క చెబుతాను. వినకపోతే టీ తెప్పించి, చల్లపల్లి వైపు ఇద్దరు అన్నదమ్ముల మధ్య నడిచిన ఫోను సంగతి చెబుతాను. జరిగింది జరిగినట్టే చెబుతాను. అన్న పెద్దవి చెప్పరా అన్నాక తమ్ముడు ఏమన్నాడో ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఒక్క మాట నేను కలిపాను. “సరేలే అన్నయ్యా, సాయంత్రం ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం” అంటాడు.